దూరప్రయాణమునకు మారు సామగ్రి



నేను ముప్పది సంవత్సరములకు పైగా బడిపంతులుగా నుండి, పిల్లలచేత శబ్దమంజరియు అమరకోశమును వల్లె వేయించినవాడను. అట్టివాడు నేలలోని లోహములను వెదకు యంత్రమును గూర్చియు, దానిని వెంటగొని నిర్జన ప్రదేశములకు పోవునపుడు కట్టుకొనవలసిన మారు సామగ్రిని గూర్చియు ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. ఈ పాఠమును నేనొక రాత్రి భయపడి నేర్చుకొంటిని. ఆ భయమునకు కారకుడను నేనే.

మొదట మా తండ్రిగారి మాట యొకటి చెప్పెదను. ఆయన ఎడ్లబండి కట్టుకొని సంతకు పోవునపుడు మోకు, కందెన, రెండు కడచీలలు అదనముగా తీసికొని పోయెడివారు. చక్రము ఇరుసునుండి జారిపోకుండ నిలుపునది కడచీల. ఆ రెంటిలో ఒకదానిని బండిలో వేసి, రెండవదానిని తమ మొలత్రాటికి కట్టుకొనెడివారు. ఎందుకని నేనడుగలేదు, ఆయనయు చెప్పలేదు.

మా పెద్దకుమారుడు పడమటి ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. 2018వ సంవత్సరమున నేను కొన్ని మాసములు వాని యింట నుంటిని. పెర్తునకు తూర్పుగా సుమారు 600 కిలోమీటర్ల దూరమున కాల్గూర్లీ యను పట్టణము గలదు. ఆ ప్రాంతమంతయు బంగారు నేల. 1892లో కూల్‌గార్డీయందును, మరుసటి యేడు కాల్గూర్లీయందును బంగారము బయల్పడగా వేలకొలది జనులు అచ్చటికి పరుగెత్తిరి. బంగారము దొరకినది గాని నీరు దొరకలేదు. తుదకు 500 కిలోమీటర్లకు పైగా ఇనుపగొట్టములు పరచి, 1903లో సముద్రతీరపు కొండలనుండి నీరు తెచ్చిరి. ఆ ఏర్పాటు చేసిన ఇంజనీరు ఓకానర్ అది పూర్తియగుటకు ముందే, 1902లో మరణించెను.

నేటికిని అచ్చట సామాన్యజనులు సెలవుదినములలో యంత్రము చేతబట్టి బంగారపు ముక్కలకై వెదకుదురు. అందులకు ప్రభుత్వమువారి అనుజ్ఞాపత్రము కావలెను. అది యున్నను, పరుల గనిహక్కు గల నేలలో వారి యనుమతి లేక త్రవ్వరాదు. ఆదివాసుల పుణ్యస్థలముల జోలికి పోరాదు.

యంత్రము పనిచేయు విధము సులభముగా చెప్పవచ్చును. ఒక కఱ్ఱవంటి కడ్డీ చివర పళ్లెము వంటి తీగచుట్ట యుండును. దానిలో విద్యుత్తు ప్రసరింపగా చుట్టును అయస్కాంతశక్తి పుట్టును. ఆ శక్తి నేలలోని లోహమును తాకగా దానియందు చిన్న విద్యుత్ప్రవాహములు కలుగును. వానిని తీగచుట్ట గ్రహించి చెవిలో ధ్వనిగా వినిపించును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరమున దిగిన తుపాకిగుండును కనుగొనుటకు గ్రాహంబెల్ ఇట్టి సాధనమునే ప్రయోగించెను, ఫలము కలుగలేదు. అయినను 1980లో విక్టోరియా రాష్ట్రమున కింగోవర్ అనుచోట ఇట్టి యంత్రము పట్టిన ఒకానికి 27 కిలోగ్రాముల బంగారపు ముద్ద లభించెను. ఆశ పుట్టుటకు అది చాలును గదా!

జూలై మాసమున, అనగా అచ్చటి చలికాలమున, మా అబ్బాయి నాలుగు దినముల ప్రయాణమునకు సిద్ధమై నన్ను వెంట రమ్మనెను. వాడు సామానులు కట్టుట చూచి నేను నవ్వితిని. యంత్రము ఒకటి, తీగచుట్టలు రెండు, చెవికి తగిలించుకొను సాధనములు రెండు, త్రవ్వుగొడ్డళ్లు రెండు, బండికి అదనపు చక్రములు రెండు, పంక్చరు సామగ్రి, గాలి కొట్టు పంపు, ఫ్యానుబెల్టు, ఇంజను నూనె, వారమునకు సరిపడు నీరు, అదియు ఒకే పీపాలో గాక నాలుగింట.

“అబ్బాయీ, ఇది ప్రయాణమా, కాపురము పెట్టుటయా?” యంటిని.

“నాన్నగారూ, ఒక్క పీపా చిల్లి పడినచో నీరంతయు పోవును. నాలుగింట ఒకటి పోయినను మూడు మిగులును,” అని వాడు బదులు చెప్పెను.

రెండవ దినమున తీగచుట్టకు తగిలించు తీగ తెగినది. యంత్రములలో ముందుగా చెడునది ఆ తీగయే యట. రెండవ చుట్ట యుండుటచే పావుగంటలో పని సాగినది. నా నవ్వు తగ్గినది.

మూడవ దినమున జరిగినది వినుడు. సామానులు చిందరవందరగా నుండుట నాకు సహింపదు. ఉదయమున అబ్బాయి టీ కాచుచుండగా నేను వాని భుజసంచిని విప్పి చూచితిని. అందు దారి చూపు జి.పి.ఎస్. పరికరము, దాని మారు బ్యాటరీలు, ఆపదలో మీట నొక్కినచో ఉపగ్రహము ద్వారా రక్షణ కేంద్రమునకు సంకేతమంపు బీకన్ అను చిన్న పెట్టె యుండెను. పరికరమును సంచిలో నుంచి, బ్యాటరీలను బీకన్‌ను తీసి, ఒకే జాతి వస్తువులు ఒకే చోట నుండవలెనని బండిలోని పెద్దపెట్టెలో పొందికగా సర్దితిని. వానితో చెప్పుట మరచితిని.

నాలుగు గంటలకు తిరిగి వచ్చెదనని వాడు పోయెను. నాలుగు దాటెను, అయిదు దాటెను, సూర్యుడస్తమించెను. చుట్టును ఎఱ్ఱనేల, ఒకేవిధమగు మల్గా చెట్లు. ఏ దిక్కు చూచినను ఒక్కటే. చేతిఫోను అచ్చట పనిచేయదు. అప్పుడు పెట్టె తెరచి చూచితిని. నా చేత సర్దబడిన బ్యాటరీలు, బీకన్ నన్ను చూచుచున్నట్లుండెను. నా కాళ్లు వణకినవి.

నాకు బండి నడుపరాదు. హారను మ్రోగించుట మాత్రము తెలియును. అయిదు నిమిషముల కొకమారు మూడేసి పర్యాయములు మ్రోగించితిని. ఇంజనును నడిపించి దీపములు వెలిగించితిని. ఎనిమిది గంటలకు రానిచో బీకన్ నొక్కవలెనని గడియారము ఎదుట పెట్టుకొంటిని. ఏడున్నరకు చెట్లనడుమ అడుగుల సవ్వడి వినవచ్చెను. పరికరములోని బ్యాటరీలు మూడు గంటల వేళ నిలిచిపోగా, మారు బ్యాటరీలకై సంచి వెదకి, లేమి గ్రహించి, చీకటి పడగానే కదలక ఒక చెట్టు క్రింద కూర్చుండెనట. గాలి త్రిప్పుకొన్న పిదప హారను చెవిని పడినదట. జరిగినది నేను దాచక చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. పిదప, “నేను బయలుదేరుటకు ముందు సంచి చూచుకొనవలసినది, నాన్నగారూ,” అనెను. కోపించినచో నాకు సుఖముగా నుండెడిది.

కావున నేను నేర్చినది మీకు మనవి చేసెదను. పనిని ఆపునది వేరు, ప్రాణము తీయునది వేరు. తీగచుట్టకు మారు బండిలో నున్నను చాలును. నీరు, దిక్సూచి, ఈల, దీపము, బ్యాటరీలు, బీకన్, ఇవి ఒంటిమీద నుండవలెను. కాగితపు పటమునకు బ్యాటరీ యక్కరలేదు. పోవు చోటును, తిరిగి వచ్చు వేళను ఊరిలో ఒకరికి చెప్పి పోవలెను. ఒకరు కట్టిన మూటను వేరొకరు చెప్పకుండ విప్పరాదు.

మన పల్లెలలో గుప్తనిధుల భ్రాంతితో ఇట్టి యంత్రములు తెచ్చి పాడుగుడులను త్రవ్వువారు గలరు. 1878వ సంవత్సరపు నిధుల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. అట్టివారిని వారించుట పెద్దలమగు మన విధి.

కడపట మా తండ్రిగారి కడచీల. ఆ రాత్రి బండిలో చలికి ముడుచుకొని కూర్చున్నపుడు నాకు దాని యర్థము తెలిసినది. నడిరాత్రి దారిలో చక్రము వదులైనపుడు, ధాన్యపు బస్తాల అడుగున పడియున్న చీల లేనిదానితో సమానము. మొలకు కట్టినదే చీల. ఆయన బ్రతికియున్నపుడు అడుగవలసిన ప్రశ్నకు అరువదియేండ్లు దాటిన పిదప పరదేశమున నాకు సమాధానము దొరకినది.

సెలవు.