రాత్రి పాళీకి టార్చి



మూడు సెల్లుల ఇత్తడి టార్చితో బిన్నీపేట సందుల్లో రాత్రి పాళీ దిగి నడిచినవాళ్లం మేం. ఒక వానరాత్రి తోటి కార్మికుడి టార్చి ఆరిపోయింది. మూతలేని మోరీలో పడి కాలు విరిగింది. విప్పి చూస్తే సెల్లు కారి స్ప్రింగు తుప్పు పట్టి ఉంది.

ఇప్పటి ఎల్ఈడీ టార్చీల పెట్టె మీద 1,000 ల్యూమెన్లని చూసి మోసపోకండి. అంత వెలుగుకు టార్చి వేడెక్కుతుంది, చాలావాటిలో కొద్ది నిమిషాలకే వెలుగు తగ్గిపోతుంది. మన నడకకు 200 చాలు, అది ఇల్లు చేరేదాకా నిలవాలి. అల్యూమినియం గొట్టం, ఐపీ65 గుర్తు అడగండి. 6 అంటే దుమ్ము చొరదు, 5 అంటే నీటి ధారకు తట్టుకుంటుంది. దూదిలో బతికే మనకు ఆ ఆరే ముఖ్యం.

మనం టార్చి కొన్నామని యాజమాన్యం దీపాలు ఆర్పుకుంటే ఊరుకోం. కార్మికులు నడిచే ప్రతిచోటా చాలినంత వెలుతురుండాలని 1948లోనే అప్పటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. మీ ఖాతాలో ఏ దీపం వెలగడం లేదో రాసుకుని ఆదివారం యూనియన్ ఆఫీసుకు రండి.