అంచున నడిచే కరెంటు
(బచేలి తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్వాంటం కంప్యూటర్ వస్తే మన రహస్య సంకేతాలు నిలుస్తాయా అని సిగ్నల్స్ మిత్రులు అడిగారు. దానికి ముందు ఒక పదార్థం సంగతి చెప్పాలి. కె.కె. లైనులో ఎదురుబండి కోసం గంటలు గంటలు ఆగినవాళ్లకి అది తేలిగ్గా అర్థమవుతుంది.

పాదరసం, టెల్లూరియం కలిసిన పలుచని పొర అది. మందం 6.3 నానోమీటర్లు దాటితే, తగినంత చల్లబరిస్తే, నడిమిభాగం కరెంటును పోనివ్వదు, అంచులు మాత్రం పోనిస్తాయి. 2007లో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో మోలెన్‌కాంప్ బృందం దీన్ని కొలిచి చూపించింది.

ప్రతి అంచూ ఒక డబుల్ లైను. ఒక స్పిన్ ఎలక్ట్రాన్లది అప్ లైను, దానికి వ్యతిరేక స్పిన్ వాటిది డౌన్ లైను. వెనక్కి మళ్లాలంటే స్పిన్ మారాలి. మామూలు మలినం అడ్డొచ్చినా ఆ పని చేయలేదు. ఇనుములాంటి అయస్కాంత పరమాణువు మాత్రం క్రాస్‌ఓవర్‌లా పనిచేసి దారి మార్చగలదు. మన బైలడిల్లా సరుకు ఇక్కడ పనికిరాదన్నమాట! అంచు పొడవు కొద్ది మైక్రాన్లు దాటినా ఈ క్రమశిక్షణ సడలుతుంది.

ఇక సూపర్‌కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయని 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పారు. జంటలో రెండూ ఎదురెదురు దిశల్లో, వ్యతిరేక స్పిన్‌లతో ఉంటాయి. అంటే అప్ లైను నుంచి ఒకటి, డౌన్ లైను నుంచి ఒకటి. జోడీ అంచులో ముందే సిద్ధం.

2014లో హార్వర్డ్‌లోని యాకోబీ బృందం, వుర్ట్స్‌బర్గ్ వారితో కలిసి, ఈ పొరకు రెండు పక్కలా సూపర్‌కండక్టర్లు అతికించి నిరోధం లేని కరెంటు పంపింది. అది ఏ దారిన పోతోందో తొంగి చూడలేం కదా! అందుకని అయస్కాంత క్షేత్రాన్ని మార్చుతూ కొలిచారు. కరెంటు పొర అంతటా పోతుంటే గ్రాఫులో మధ్యన ఒక పెద్ద శిఖరం, పక్కల తగ్గిపోయే చిన్నవి వస్తాయి. రెండంచుల వెంటే పోతే శిఖరాలన్నీ ఇంచుమించు సమానం. పొరలో ఎలక్ట్రాన్లను తగ్గించేసరికి మొదటి తీరు పోయి రెండోది వచ్చింది. నా దృష్టిలో గట్టి సాక్ష్యం అంటే అదీ.

ఇలాంటి జంటలున్న చోట మయోరానా అనే స్థితి దొరికితే, తొందరగా చెదరని క్వాంటం బిట్ వస్తుందని ఆశ. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నానోతీగల్లో అది దొరికిందన్న 2018 నాటి పత్రాన్ని 2021లో ఉపసంహరించుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయోరానా-1 చిప్ ప్రకటించింది. అప్పుడు వెలువడిన పత్రం మయోరానాకు రుజువు కాదని నేచర్ సంపాదకులే గమనిక పెట్టారు.

సంకేతాల మాటకొస్తే, పెద్ద క్వాంటం కంప్యూటర్‌కి కూడా లొంగకుండా రూపొందించిన మూడు పద్ధతుల్ని అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. వాటికి మారడానికి ఈ చిప్పు సంగతి తేలేదాకా ఆగనక్కర్లేదు.