కొడుకుతో కాదు, ఆయనతో మాట్లాడండి

యువ వైద్యులారా,

2019లో తొలి ఎంబీబీఎస్ తరగతి మొదలైన ఈ బీబీనగర్ ఎయిమ్స్‌కు పోచంపల్లి ఎంతో దూరం కాదు. అక్కడ గుంట మగ్గం మీద బతుకు వెళ్లదీసిన పెద్దమనిషి రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచినా వయసు మీద పడిందనుకుంటాడు. చాలామందికి అది ప్రొస్టేట్ గ్రంథి మామూలుగా పెరగడమే. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం మొదట్లో చప్పుడు చేయదు. నడుము ఎముక పట్టుకున్నాకే బయటపడిన కేసులు మీరూ చూసే ఉంటారు.

గ్రంథి దాటని క్యాన్సర్‌కు గ్రంథినీ వీర్యకోశాలనూ పూర్తిగా తీసి, మూత్రాశయాన్ని మూత్రనాళానికి కలిపి కుడతాం. 1904లో హ్యూ హాంప్టన్ యంగ్ బాల్టిమోర్‌లో ఈ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు రక్తం విపరీతంగా పోయేది, పురుషత్వం దాదాపు అందరికీ పోయేది. 1982లో పాట్రిక్ వాల్ష్ గ్రంథిని ఆనుకుని సాగే సన్నని నరాలను కాపాడుతూ చేసి చూపించారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే. రోబో సర్జరీ ఆ తర్వాతే వచ్చింది. డెట్రాయిట్‌లో డాక్టర్ మణి మీనన్ దాన్ని నిలబెట్టిన సంస్థ, మన తెలుగువాడు రాజ్ వట్టికూటి విరాళంతో వెలిసింది.

రోబోతో రక్తస్రావం తగ్గుతుంది, రోగి త్వరగా ఇంటికి పోతాడు. అయితే బ్రిస్బేన్‌లో రోబో పద్ధతినీ, పొట్ట తెరిచి చేసే పద్ధతినీ పోల్చి చూస్తే, రెండేళ్లకు మూత్రం మీద పట్టులో, పురుషత్వంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోబో కోసం మగ్గం తాకట్టు పెట్టమని ఎవరికీ చెప్పకండి. చెయ్యి తిరిగిన సర్జన్ ఎక్కడున్నారో చెప్పండి.

అసలు కొయ్యకుండా కనిపెట్టుకుని ఉండటమూ వైద్యమే. బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు గమనిస్తే, ఆపరేషన్ చేసినా, రేడియేషన్ ఇచ్చినా, కనిపెట్టుకుని ఉన్నా ఈ క్యాన్సర్‌తో పోయినవారు నూటికి ముగ్గురే. వాళ్లవి గ్రంథి దాటని క్యాన్సర్లు. ఉద్ధృతమైన రకానికి ఈ ఊరట వర్తించదు.

ఎముకలకు పాకితే గ్రంథి తీసి లాభం లేదు. మగ హార్మోన్‌ను ఆపితే ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ తేల్చారు. నెలనెలా సూదులకు డబ్బు పెట్టలేని ఇంట్లో, ఒక్కసారి వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తోనూ ఆ పని అవుతుంది. అయితే మగవాడికి అంతకంటే కష్టమైన మాట లేదు. గది తలుపు వేసి, కుర్చీ దగ్గరకు జరుపుకుని, ముందు కొడుక్కి కాదు, ఆయనకే చెప్పండి. ఆలోచించుకోవడానికి వారం అడిగితే ఇవ్వండి.