పురుషోత్తమ చౌదరి కీర్తనలు



2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమను పేరు వహించిన రాస్ ద్వీపమును చూడనివారు ఈ సభలో నుండరు. అచ్చటి పాత చర్చి గోడలను మఱ్ఱిజాతి వృక్షముల వేళ్లు పెనవైచుకొని యున్నవి. ఒకప్పుడా గోడల నడుమ ఆంగ్లేయుల ప్రార్థనాగీతములు మ్రోగెడివి. 1942లో జపానీయులు వచ్చుటతో పాడువారు పోయిరి. వారితో పాటయు పోయెను. గోడలు మాత్రము నిలిచినవి.

అట్లే పోనున్న మఱియొక పాటను గూర్చినదీ ప్రసంగము. అది ఆంగ్లేయుల పాట గాదు, శ్రీకాకుళపు పాట. జంగ్లీఘాట్ మొదలగు చోట్ల నివసించు తెలుగు కుటుంబములలో పెక్కు ఆ సీమనుండియే సముద్రము దాటి వచ్చినవి. 2011 జనగణనము ప్రకారము ఈ దీవులలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వారిలో క్రైస్తవులైన వారి పెట్టెలలో బట్టలతోపాటు కీర్తనల పుస్తకమొకటి వచ్చియుండుట సహజమే.

ఆ కీర్తనలలో మేలైన వానిని పెక్కింటిని రచించినవాడు పురుషోత్తమ చౌదరి. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఆ ప్రాంతము 1936నుండి ఒడిశాలో చేరియున్నను, నాడది తెలుగు ఒరియాలు ఒకే వీథిలో వినబడు సీమ. ఇంటిభాష ఒకటి, కవితాభాష వేఱొకటి యగుట అచ్చట వింత గాదు. 1833లో కటకమున జ్ఞానస్నానము పొందెను. నాటి సంఘమున అట్టి నిర్ణయమునకు చెల్లింపవలసిన మూల్యమెంతయో ఊహింపవచ్చును. పిమ్మట విశాఖపట్టణము, శ్రీకాకుళము మొదలగు తావుల బోధకుడుగా కాలము గడిపి, 1890లో కీర్తిశేషుడయ్యెను. ‘నిస్తార రత్నాకరము’ మొదలగు గ్రంథములను, శతకమును రచించెనుగాని, ఆయనను నిలిపినవి నూటికి పైబడిన కీర్తనలే.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందెను. అనగా ఇరువురును 44 సంవత్సరములు ఒకే కాలమున జీవించిరన్నమాట. తంజావూరిలో వేదనాయక శాస్త్రి యను క్రైస్తవకవి అప్పటికే తమిళమున దేశీయ రాగములలో కీర్తనలు కట్టుచుండెను. కనుక చౌదరి చేసిన పని ఆకాశమునుండి ఊడిపడినది గాదు. ఆ కాలపు గాలిలోనే యున్నది. తెలుగునాట దానికి పునాది వేసినవారిలో మాత్రము ఆయనదే ముఖ్యస్థానము.

ఆ పని విలువ తెలియవలెనన్న రెండవ మార్గమెట్టిదో చూడవలెను. పాశ్చాత్య బోధకులు తమ గీతములను తెనిగించి తమ వరుసలలోనే పాడించిరి. ఆ వరుస దీర్ఘము కోరుచోట తెలుగుమాటలో హ్రస్వముండును. గాయకుడు పాపము ఏమి చేయగలడు? ‘పలక’ యనబోయి ‘పాలక’ యనును. ‘కల’ ‘కాల’ మగును. భక్తి కుదిరినను అర్థము కుదురదు. చౌదరి ఆ త్రోవ త్రొక్కలేదు. పల్లవి, అనుపల్లవి, చరణములను విభాగమును గైకొని, యతిప్రాసలను పాటించి, జనులు భజనలలో అంతకుముందే విన్న రాగములలోనే తన మాటను నిలిపెను. అక్షరము రాని కూలివాడును రెండుసార్లు విని మూడవసారి అందుకొనగలిగెను.

1969లో అమెరికాలో లారీ నార్మన్ అను యువకుడు ‘అపాన్ దిస్ రాక్’ అను ఆల్బమ్ వెలువరించెను. గిటారుతో, వీథిలోని యువకుల బాణీలో యేసును పాడుట అప్పటికి గొప్ప సాహసముగా తోచెను. ఈనాటికిని అట్టి పాత ఆల్బములను వెదకి పట్టి మరల వినువారున్నారు, మంచిదే. జనుల బాణీనే ప్రార్థనకు తెచ్చు ఆ సాహసమును గంజాం, శ్రీకాకుళ సీమలలో చౌదరి శతాబ్దమునకు మునుపే చేసియుండెనని చెప్పువారు మాత్రము అరుదు.

ఇట్లు మరువబడుటకు బాధ్యత రెండు ప్రక్కలను గలదు. సాహిత్యచరిత్రలు ఆయనకు తఱచుగా ఒకటి రెండు వాక్యములతో సరిపెట్టును. 1964లో జాషువ కవి ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినపుడు క్రైస్తవవస్తువు తెలుగు కవిత్వమున కొత్తదైనట్లు తలచినవారికి, ఆ త్రోవ అంతకుముందే నడిచినదని తెలియకుండుటకు కారణమదియే. ఇక దేవాలయములలో మాటలు మిగిలినవిగాని రాగములు జాఱిపోవుచున్నవి. పుస్తకమున కీర్తనపై రాగతాళముల పేర్లుండును. సామాన్యముగా స్వరము మాత్రముండదు. పైన శీర్షికయుండి లోపల కాగితములు లేని ఫైలు ఎంత ఉపయోగమో కార్యాలయముల వారికి వేరుగ చెప్పనక్కరలేదు. రాగము పేరొక్కటే వరుసను చెప్పజాలదు. ఆ వరుస పెద్దల కంఠములందే యున్నది. యువకులు కీబోర్డుపై తెలిసిన మెట్టు దేనినో వాయించి అదే అసలు వరుసయని నమ్ముచున్నారు. వారిని నిందించుటయు న్యాయము గాదు. అసలుది వారికి వినిపించినవారెవరు?

సమీపముననే వేఱొక ఉదాహరణము గలదు. కార్ నికోబారుకు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ (1884–1978) క్రొత్త నిబంధనను నికోబారీ భాషలోనికి తెచ్చెను. 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ చేయబడెను. ఆ దీవిలో ఊరంతయు కూడి స్వభాషలో పాడుట అలవాటయ్యెను. 2004 డిసెంబరు 26న సునామీ ఊళ్లకు ఊళ్లను ఊడ్చివేసినను పాట పోలేదు, పాడువారు పెక్కండ్రు గనుక. తెలుగు కీర్తనకు ఆ బలము లేదు. దాని అసలు వరుస ఎఱిగినవారు రోజురోజునకు తగ్గుచున్నారు.

2024లో శ్రీవిజయపురమను నామము పొందిన ఈ పట్టణమున ఏటేట ఉగాదికి త్యాగరాజ, రామదాస కీర్తనలు పాడు సంఘము, ఒక్క చౌదరి కీర్తనకు తావిచ్చినచో మతమునకు వచ్చు లోపమేమియు లేదు, తెలుగునకు లాభమున్నది. అంతకంటె ముందు కావలసిన పని వేఱొకటి. శ్రీకాకుళమునుండి వచ్చిన ఏ ముదుసలియో ఈ కీర్తనలను తల్లినోట విన్న వరుసలోనే పాడగలిగినచో, ఆమె వాకిట కూర్చుండవలెను. నేడు చేతి ఫోనుతోనే పాటను పదిలపఱుపవచ్చును. తాళము వేయుటకొకరు, స్వరము వ్రాసికొనుటకొకరు ఉన్న చాలును.