సన్నని రేకులు కోయు చిన్న ఱంపపు యంత్రము



మా వీధి కంసాలి కుమారుడు మొన్న అప్పు చేసి స్క్రోల్ సా అను ఱంపపు యంత్రము కొనబోవుచు, దాని వివరముల కాగితము నాచే చదివించుకొనెను. నిమిషమునకు 1600 మార్లు ఆడునను మాట అందు పెద్ద యక్షరములతో నున్నది. చెక్క కోయువారికి అది గుణము, లోహమునకు దోషము. వేగము హెచ్చినకొలది బ్లేడు వేడెక్కి, పండ్లు మొద్దువాఱి, తుదకు తునిగిపోవును. వేగమును 400 వఱకైనను తగ్గించు మీట యున్నదా యని ముందుగా విచారింపవలెను.

కంసాలులు వాడు సన్నని బ్లేడులకు కొనలయందు చీలలుండవు. కొన్ని చవుక యంత్రములు చీలలున్న బ్లేడులనే పట్టును. అట్టిది కొన్నచో సొమ్ము నీళ్లపాలే.

రేకు మందములో ఎల్లప్పుడును రెండు మూడు పండ్లు ఆనియుండవలెను. లేనిచో పన్ను తగులుకొని రేకును పైకెత్తి కొట్టును, వ్రేళ్లకు ప్రమాదము. మిక్కిలి పలుచని రేకును చెక్కపలకకు అంటించి, బ్లేడునకు తేనెమైనము రాచి కోయుట మేలు.

చెక్కపొట్టు నూదుటకు ఇట్టి యంత్రములయందు గాలిగొట్ట ముండును. బంగారము కోయునపుడు దానిని తప్పక తొలగింపవలెను. ఎగిరిపోయిన రజను నగ చేయించుకొన్న యిల్లాలిది గదా!

తండ్రినాటి చేతిఱంపము వారింట నున్నది. నెలకు నాలుగు నగలు చేయువానికి అదియే చాలును. ఒకే మాదిరి బిళ్లలు వందలుగా కోయవలసిన గిరాకి యున్నప్పుడే అప్పు చేయుమంటిని. కుఱ్ఱవాడు కొంత చిన్నబోయెను. అయినను మఱునాడు రాగిరేకొకటి చేతబట్టుకొని, అంగడిలో కోసి చూచిన పిమ్మటనే బేరమాడెదనని పట్టణమునకు పోయెను.