ప్రదర్శనశాలను చూచు విధము



హైదరాబాదున మూసీనది యొడ్డున సాలార్‌జంగు మ్యూజియము కలదు. మూడవ సాలార్‌జంగును, ఆయన పూర్వులును సేకరించిన వస్తువులతో అది 1951లో దివాన్ దేవిడీయందు ప్రారంభమై, 1968లో నేటి భవనమునకు మారినది.

పల్లెలనుండి పోయినవారు మొదట గడియారము కడకే పరుగిడుదురు. గంట కాగానే ఒక చిన్న బొమ్మ వెలికివచ్చి, గంట కొట్టి లోనికేగును. దానికై పిల్లలును పెద్దలును రెప్పవాల్పక వేచియుందురు. పిమ్మట తక్కిన శాలలను సంతలో నడచినట్లు దాటిపోవుదురు. చార్జీలు కూడబెట్టుకొని జన్మమున కొకమారు పోవువారి కిది యెంత నష్టము!

ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకాను చూడుడు. పలుచని ముసుగును, దాని వెనుక తోచు మొగమును ఒకే పాలరాయి! మఱియొకచోట మెఫిస్టోఫిలీసు కొయ్యబొమ్మ గర్వముతో నిలిచియుండును. వెనుకనున్న అద్దములో తలవంచిన మార్గరెట్టు కనబడును. రెండును ఒకే దుంగ. అద్దము చూడనివానికి సగము బొమ్మయే దక్కును.

గడియారము కడ చూపిన యోపిక వీని కడను చూపిన చాలును. నూరింటిని దాటిపోవుటకంటె నాలుగింటి యెదుట నిలుచుట మేలు. గ్రంథాలయమున అట్టలు లెక్కించినవాడు చదువరి కాడు గదా! పిల్లలను పట్టణమునకు గొనిపోవు పెద్దలు ఈ మాట మఱువకుందురు గాక!