భీముని కొలను నుంచి కైలాస ద్వారం దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా బ్యాచీ వాళ్ళం నలుగురం ఉగాది ముందు నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం వెళ్ళొచ్చామని తెలిసి, ఆ ముచ్చట చెప్పమన్నారు. నడకంతా చెబితే భోజనాలు చల్లారిపోతాయి. చివరి రోజు ఎక్కుడు దారి గురించే చెబుతాను.

పిల్లలూ, కొండ ఎక్కడమంటే మీకు ఎవరెస్టు గుర్తొస్తుంది. 2014 మే 25న పూర్ణతో పాటు ఆ శిఖరం ఎక్కిన ఆనంద్ కుమార్ అప్పటి మన జిల్లా చర్ల మండలం పిల్లవాడే. మాది అంత ఘనకార్యం కాదు. మన ఊరి పేరులో కొండ ఉన్నా, మేం చిన్నప్పుడు ఎక్కింది బౌద్ధ స్తూపం దిబ్బ, బాలసముద్రం కట్ట. రామదాసు పుట్టిన ఊరివాళ్ళమై ఉండి భద్రాచలానికీ బస్సులోనే వెళ్ళాం.

శ్రీశైలానికి పాత కాలిదారి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా పోతుంది. అది పులులున్న అడవి. శివరాత్రికీ ఉగాదికీ అటవీశాఖ అనుమతి ఉన్న రోజుల్లోనే నడవాలి. ఉగాదికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కన్నడ భక్తులు. భ్రమరాంబ వాళ్ళకు ఇంటి ఆడపడుచు. చీర, సారె పట్టుకుని రోజుల తరబడి నడిచి వస్తారు. కర్రకాళ్ళ మీద నడిచేవాళ్ళూ ఉంటారు. ఈ యాత్ర ఎంత పాతదంటే, పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక ప్రకరణమే రాశాడు.

భీముని కొలను లోయలో ఉంటుంది. మొదట దానిలోకి దిగాలి. మోకాళ్ళకు అసలు పరీక్ష ఆ దిగుడే. తర్వాత కైలాస ద్వారం దాకా నిట్టనిలువుగా రాతి మెట్లు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెబుతారు. ఒక మెట్టు జానెడు, ఇంకో మెట్టు మోకాలెత్తు. ఎండకు రాయి కాలిపోతోంది.

మా నలుగురిలో ఒకాయనకు గుండెలో స్టెంటు ఉంది. బయలుదేరేముందు పరీక్షలు చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే వచ్చాడు. డాక్టరు ఒకే షరతు పెట్టారు: "మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగంతోనే ఎక్కండి. మాట ఆగితే మీరూ ఆగండి." సగం మెట్ల దగ్గర ఆయన మాట ఆగింది. కూర్చోబెట్టాం. నొప్పి లేదు, చెమటా మామూలుదే, ఆయాసం మాత్రం తగ్గడం లేదు. కిందికి దిగితే మళ్ళీ అడవే. జీపు దొరికేది పైనే. ఆయన అన్నాడు: "మీరు పదండిరా. నేను మెల్లగా వస్తా."

మేం కదల్లేదు. అంతలో ఒక కన్నడ కుటుంబం వచ్చింది. అందరికన్నా ముందు నెత్తిన మూటతో ముసలమ్మ, వెనక పడుచువాళ్ళు. ఆమె ఎంత నడిస్తే వాళ్ళూ అంతే. ఆమె ఆగితే అందరూ ఆగుతున్నారు. మేమూ అలాగే చేశాం. ఆయాసం తగ్గి, ఆయన మాట తేటపడ్డాక ఆయన్ను ముందుకు పంపి, ముగ్గురం వెనక నడిచాం. మాట ఆగకుండా ఉండాలని ఎక్కాలు చదవమన్నాం. ఒక ఎక్కానికి పది మెట్లు, ఆపైన విశ్రాంతి. పంతొమ్మిదో ఎక్కంలో ఏడో మెట్టు మీద ఆగిపోయాడు. ఊపిరి అందలేదా, లెక్క అందలేదా అని అడిగితే లెక్కేనన్నాడు. తరగతిలోనూ అక్కడే ఆగేవాడు.

పైకి చేరేసరికి పొద్దు వాలింది. అక్కడి వైద్య శిబిరంలో బీపీ, నాడి చూసి ఫరవాలేదన్నారు, ఇక నడవొద్దన్నారు. ఆయన, తోడుగా ఒకరు జీపులో వెళ్ళారు. దర్శనం మాత్రం నలుగురం కలిసే చేసుకున్నాం.

ఇది ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, "మీరు పదండిరా" అన్న మాట నేను వినడం అది మొదటిసారి కాదు. ఆరో తరగతిలో మాతో చేరినవాళ్ళంతా పదో తరగతిలో లేరు. ఒకరు ఎడ్ల వెంట పోయారు, ఒకరు కిరాణా కొట్లో కుదిరారు, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి. ఒక్కొక్కరూ పదండి అన్నారు, తరగతి ముందుకు పోయింది. వాళ్ళలో చాలామంది ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఈ ఆవరణలో షామియానా కట్టిన మనిషి ఏడో తరగతి దాకా నా పక్క బల్ల. ఆయన మన సంఘంలో సభ్యుడు కాడు, ఎందుకంటే పది పాసైనవాళ్ళకే సభ్యత్వమని నిబంధన.

ఈ స్వర్ణోత్సవ సందర్భంగా నాదొక ప్రతిపాదన. ఈ బడి హాజరు పట్టీలో ఒక్క ఏడాది పేరున్నా చాలు, సభ్యత్వం ఇద్దాం. సంఘం నిధిలో మొదటి సాయం ర్యాంకు తెచ్చుకున్న పిల్లలకు కాకుండా, బడి మానేయబోతున్న పిల్లలకు చేరేలా చూద్దాం. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఈ రెండూ తీర్మానంగా పెడుతున్నాను. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు భోజనాల దగ్గర నాతో వాదించండి.

సెలవు.